ఎర్రపూసలు

షిరే నది పొంగి వంతెనను ఎత్తుకుపోయిన ఏడు. మిట్టమధ్యాహ్నం మా వాకిట్లో నేను, మా అన్న బిజివేకి కూర్చున్నాం. నా భార్య ఎనెలెసి వంటపాకలో ఉంది.

“...బావి దగ్గర, పదిమందిలో! పైగుడ్డ జార్చేసి నెత్తిన బిందె కుమ్మరించుకుంది నీ పెళ్ళాం. ఛీ! ఎండిపోయిందిరా అది.”

“ఎండకి, అన్నా.”

“ఎండ అందరికీ ఉంది. దానికి ముట్లుడిగాయి.”

“లేదు. పోయిన వారమేగా గోడకి ఎర్రపూసలు వేలాడదీసింది. ఎర్రవి ఉంటే ముట్టయిందని, దగ్గరికి రావద్దని. నేను పోలేదు.”

“పూసలదేముంది, ఎవరైనా వేలాడదీస్తారు. ఆగిన నెత్తురు ఎటు పోతుందనుకున్నావ్? పక్కన పడుకున్నోడి కడుపులోకే. ఉబ్బి చస్తావు. పుట్టింటికి తోలెయ్. నేను నా పెళ్ళాం ఫలెసిని తోలెయ్యలా?”

“ఊఁ.”

“ఊఁ కాదు. రేపు పొద్దున వస్తా. మూట కట్టి ఉండాలి.”

“వెళ్ళాడా మీ అన్న?”

“వెళ్ళాడు. ఎనెలెసీ, నిజమా?”

“ఏది?”

“పూసలు.”

“సంకటి చల్లారిపోతోంది, తిను.”

“పూసలే!”

“...రెండేళ్ళయింది ఆగిపోయి.”

“రెండేళ్ళు! నెలనెలా గోడకి అబద్ధం తగిలించావా? థూ!”

“ఆ నాలుగు రోజులేగదయ్యా నేను కాస్త నిద్రపోయింది. గుండెల్లోంచి మంట లేస్తుంది, చాప తడిసిపోతుంది. పక్కన నువ్వు లేకపోతే కొంచెం గాలాడేది.”

“మందేమైనా...”

“నర్సమ్మనడిగా. జబ్బు కాదు, వయసంది. పల్చటి గుడ్డ కట్టుకో, చల్లటి నీళ్ళు దగ్గర పెట్టుకో, మిరపకాయ తగ్గించు, మరీ ఓర్చుకోలేకపోతే మళ్ళీ రా అంది.”

“మరి ఆ నెత్తురు...”

“ఎవరి కడుపులోకీ పోదంది. అడిగినందుకు నవ్వింది కూడా. రెండేళ్ళ నుంచి నువ్వేమైనా ఉబ్బావా?”

“...లేదు. నాకు చెప్పొచ్చుగా?”

“నీకా? ఫలెసక్కను తోలేసిన రోజు ఏమన్నావో గుర్తుందా?”

“ఏమన్నా?”

“వాళ్ళింట్లో కూర్చుని ఆమె వండిన చేపలే తింటున్నావు. ఆమె మూటతో గుమ్మంలో నిలబడి ఉంది. ‘మంచి పని చేశావన్నా’ అన్నావు.”

“ఊఁ.”

“అని, ఇంకో ముక్క వెయ్యమన్నావు. ఆమెనే. మూట దించి వేసింది.”

“థూ!”

“ఏమయ్యా, ఊసేశావేం? సంకటి మాడిందా?”

“సంకటి కాదు.”

మర్నాడు పొద్దున, అన్న నిద్ర లేవకముందే వెళ్ళి, ఆ ఎర్రపూసలు అతని తలుపుకి కట్టి వచ్చాను.