జంట కుర్చీల అన్నయ్య

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీన నూలుమిల్లులో సహాయ ఫిట్టరుగా ప్రవేశించి, ఈ మాసాంతాన ప్రధాన ఫిట్టరుగా పదవీ విరమణ చేయనున్న మా కార్మిక సంఘ కార్యదర్శిగారిని మిల్లంతా ‘జంట కుర్చీల అన్నయ్య’ అనే పిలుస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

సంఘం తరఫున ఆయన పింఛను అవగాహన సభలు ఆరంభించిన తొలినాళ్లలో మగవారే వచ్చి విని వెళ్లేవారు. అలా విన్న ఒక రంగుల విభాగపు కార్మికుడు, నెలనెలా కాస్త ఎక్కువ వస్తుందని, తన తదనంతరం భార్యకేమీ మిగలని పద్ధతిని ఎంచుకుని, ఏడాది తిరగకుండానే కన్నుమూశాడు. “నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదన్నయ్యా” అంటూ ఆ ఇల్లాలు సంఘం గుమ్మంలో కూలబడిన నాటినుండి ఆయనకు కంటిమీద కునుకు కరువైంది. అటుపిమ్మట భోజనశాలలో కుర్చీలు జంటలుగానే వేయించారు. భర్త నోరు మెదపరాదు. అతడు పోయాక తనకేమి దక్కుతుందో భార్యే లేచి చెప్పాలి.

“ఏంటన్నా, బతికుండగానే మమ్మల్ని సాగనంపేస్తున్నావ్!” అని ఎవరైనా నవ్వితే, “నువ్వు నోర్ముయ్‌రా. చెల్లెమ్మా, నువ్వు చెప్పు తల్లీ” అనేవారు.

ఇంటా అదే పాఠం. బ్యాంకు పని మొదలు దరఖాస్తుల వరకు సహధర్మచారిణికి అన్నీ కంఠస్థం చేయించారు.

“ముందు మీరే పోతారని రాసిపెట్టుందా ఏంటి?” అని ఆమె వేళాకోళమాడేవారు.

“నీకంటే పెద్దోణ్ణి కదే!”

ఆ వరుసను కాలపురుషుడు మన్నించలేదు. గడచిన వర్షాకాలంలో స్వల్ప జ్వరమని పడకేసిన ఆమె మరి లేవలేదు.

గతవారపు సభలో ఆయన తొలిసారి శ్రోతగా కూర్చున్నారు. పక్కన రెండవ కుర్చీ ఖాళీ. సభ నడుపుతున్న నూలు చుట్టే వైండింగ్ విభాగపు సోదరి అలవాటు కొద్దీ “అన్నయ్య మాట్లాడకూడదు, వదిన...” అని, నాలుక కరుచుకుంది.

ఆయన మెల్లగా లేచారు. “నేనే చెప్తానమ్మా. నేను పోతే ఎలా బతకాలో ఆవిడకి అంతా నేర్పాను. ఆవిడ పోతే ఎలా బతకాలో నేను అడగనే లేదు. పొద్దున మాత్ర ఏదో, రాత్రిది ఏదో ఆవిడకే తెలుసు. ఇకమీదట మగాళ్లనీ లేపి అడగండి.”

ముందు వరుసలోని మిల్లు లారీ డ్రైవరు తన భార్య చెవిలో, “నా బీపీ మాత్రలు ఎక్కడ పెడతావే?” అనడం అందరికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

ఇట్టివేళ దీర్ఘాయువును కోరడం ఆచారం. ఆ ఆయువే ఆయనకిప్పుడు బరువని ఎరిగీ కోరుతున్నాము. సర్వేశ్వరుడు ఆయనకు నిండు ఆరోగ్యాన్ని, చిరాయువును, దానిని ఒంటరిగా మోయగల ధైర్యాన్ని ప్రసాదించుగాక. వచ్చే సభలోనూ ఆయన కోసం రెండు కుర్చీలే వేస్తాము.