కొండగొర్రె కుడి చెవి

జూరకాన్ అక్క రోడ్డు మీద కొత్త బోర్డు పెట్టిస్తోందని తెలిసిన రోజే కలీబెక్ జేబులో కెమెరా వేసుకుని ఆమె టీకొట్టుకి దిగాడు. కోచ్‌కోర్ పట్నం నుంచి కొండ మీది సరస్సుకి పోయే టూరిస్టులంతా ఆ కొట్టు ముందే ఆగుతారు. బోర్డు మీద ఒక ఫొటో, కింద తీసినవాడి పేరు, ఫోన్ నంబరు. వేసవంతా కొండ చూపించే పని ఇక వాడిదే. వ్యాను తోలి తోలి విసిగిపోయిన కలీబెక్‌కి ఆ పని మీద ప్రాణం కొట్టుకుంటోంది.

"అరచేతిలో పట్టే కెమెరా అని నవ్వకక్కా. పట్టీ తెగితే గుర్రం పగ్గం ముక్క కట్టానంతే, మిగతాదంతా కొత్తదే. ఏదో, సరస్సు మీద పొద్దుపొడుపు తీద్దామని వెళ్లానా..."

"నువ్వు? పొద్దు పొడవక ముందు లేచి?" అంది జూరకాన్.

"లేచానక్కా, ఆ ఒక్క రోజూ! ఒడ్డున నిలబడి ఒక్కటి నొక్కాను. నీళ్లలో కొండ తలకిందులుగా పడింది, ఆ కొండ మీద ఏదో కదులుతోంది. తలెత్తి చూద్దును కదా, అర్ఖార్! కొండగొర్రె! మన తాతలు చూశారని వినడమే గాని మనలో చూసిందెవరు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రమెక్కి కనుమకేసి తోలాను. సగం దూరం పోయాక అది ఇక నా వల్ల కాదని చతికిలబడింది. భుజాన వేసుకుని ఎక్కాను."

"గుర్రాన్నా?" అన్నాడు ఎర్కిన్. బోర్డు రాసేది అతనే.

"మరి తోడేళ్లకి వదిలేసి రానా? పైకి చేరాక చలికి బ్యాటరీ చచ్చింది. తీసి చంకలో పెట్టుకుని పొదిగాను. రెండు గీతలు పెరిగాయి. ఇంకాసేపు పొదిగితే ఇంకో కెమెరా పుట్టేది. ఇక జూమ్ లాగాను. గొట్టం బయటికొచ్చింది, వచ్చింది, వస్తూనే ఉంది, లోయ దాటి అవతలి కొండ దాకా పోయింది. గొర్రె దాన్ని వాసన చూసింది! కాస్త ఎడమకి తిరుగు, వెనక మంచు కనబడాలన్నాను. తిరిగింది."

"కిర్గిజ్‌లో చెప్పావా, రష్యన్‌లోనా?" అన్నాడు ఎర్కిన్.

"మర్యాదగా కిర్గిజ్‌లోనే. మీరు నవ్వుతున్నారు గాని, ఫ్లాష్ కొట్టాక ఏమైందో తెలుసా? కొండ మీది మంచంతా కరిగి సరస్సులో పడింది. నిరుడు నీళ్లు గట్టు దాటాయి, గుర్తుందా? అది నేనే! ఆ వెలుగుకి అవతల చైనాలో కోళ్లు రెండోసారి తెల్లారిందనుకుని మళ్లీ కూశాయి."

అని కెమెరా, కొట్లో చాయ్ తాగుతున్న మా చేతికిచ్చాడు. నిజం చెప్పాలి, ఫొటో బాగుంది. రాళ్ల మీద ఛాతీ విరుచుకుని నిలబడ్డ జంతువు, మెలి తిరిగిన కొమ్ములు, వెనక తెల్లటి కొండ. జూరకాన్ కళ్లు మెరిశాయి. ఎర్కిన్ నంబరు రాసుకోడానికి పెన్సిల్ తీశాడు.

అప్పటిదాకా రొట్టె చాయ్‌లో ముంచుకు తింటున్న మంబెత్ తాత వేళ్లు తుడుచుకున్నాడు. పుట్టింది మొదలు గొర్రెల వెంటే తిరిగిన మనిషి.

"పెద్దది చెయ్యరా. కుడి చెవి చూపించు."

కలీబెక్ మీట నొక్కాడు. తెర నిండా చెవి వచ్చింది.

"రెండు గాట్లు, కొన కత్తిరింపు. మా ఇంటి గుర్తు. అడవి గొర్రెకి నా గుర్తు పెట్టిందెవరో?"

మా దగ్గర ఏ ఇంటి గొర్రెపిల్లకి ఆ ఇంటి గాటు ఉంటుంది. చెవి చూస్తే ఇంటిపేరు తెలుస్తుంది.

"గాలికి... చిరిగిందేమో తాతా."

"కొలతపెట్టి చిరిగిందా? నిరుడు ఆకు రాలేటప్పుడు నా పొట్టేలు పోయింది. అయితే నీకు దొరికిందన్నమాట. కొండ మీంచి దాన్ని ఎటు తోలావు?"

ఎర్కిన్ పెన్సిల్ కింద పెట్టేశాడు. మా ఊళ్లో ఎన్ని కోతలు కోసినా చాయ్ పోస్తారు. గొర్రెల దొంగకి మాత్రం తలుపు తియ్యరు. కలీబెక్ మొహం పాలిపోయింది.

"ఒట్టు తాతా! అది మా కొట్టం వెనక రాళ్లగుట్ట. పొట్టేలు దానంతటదే వచ్చి మా గడ్డి తింది. కొండలా కనబడాలని నేను పేడలో బోర్లా పడుకుని కింద నుంచి తీశాను. మూడు రోజులు మా ఆవిడ నా చొక్కా ముట్టుకోలేదు, కావాలంటే అడగండి. నేను కనుమ ఎక్కనే లేదు." గొంతు తగ్గించాడు. "గుర్రమెక్కితే నాకు కళ్లు తిరుగుతాయి."

పాపం అనిపించింది. గుర్రం మీద పుట్టామని చెప్పుకునే మా వాళ్ల ముందు ఆ మాట అనడం మాటలు కాదు.

"మరి పొట్టేలేదీ?"

"తినేసి పోయింది తాతా. ఎటు పోయిందో తెలీదు!"

"నాకు తెలుసు. సాయంత్రానికి ఇల్లు చేరింది. పోయిందన్నాను గాని, రాలేదన్నానా?"

కొట్టు పైకప్పు లేచిపోయేలా నవ్వాం. జూరకాన్ కళ్లు తుడుచుకుంటూ ఎర్కిన్ వైపు తిరిగింది. "ఫొటో ఇదే వెయ్యి. పేరు కలీబెక్‌దే. నంబరు మాత్రం తాతది."

కలీబెక్ ఒక గిన్నె చాయ్ తాగేశాడు. తర్వాత మెల్లగా ముందుకు జరిగాడు.

"సరే గాని తాతా, ఆ పొట్టేలు అంత దూరం ఒక్కటే వచ్చిందనుకున్నావా? చీకటి పడుతోందని నేనే దాన్ని..."

"గుర్రం మీద దింపావా?" అన్నాడు మంబెత్ తాత.

కలీబెక్ ఖాళీ గిన్నె జూరకాన్ ముందుకి జరిపాడు. "ఇంకాస్త పొయ్యక్కా."