ఈగ కాదు, టెంక పురుగు

చీపురుపల్లి దగ్గర ఒక మామిడితోట. 1968 మే నెల, మధ్యాహ్నం. రైతు బంగారురాజు, పురుగుల సంగతి తెలిసిన వ్యవసాయ శాఖ ఉద్యోగి నారాయణమూర్తి, కోసిన పండు ముందు కూర్చున్నారు. బంగారురాజు భార్య అసిరమ్మ చెట్టు అవతల రాలిన కాయలు ఏరుతోంది.

“మళ్లీ సూడండి బాబూ. ఈగే అది. కంచె అవతల మా అన్న జగన్నాధం తోటలోంచే వొచ్చినాది.”

“ఈగ కాదు బంగారురాజు గారూ. ఇది టెంక పురుగు.”

“ఏదైతే ఏటి? రెండూ పండు తినీసేవే గదా!”

“తినేవే, తీరు వేరు. ఈగ పండబోయే కాయని పొడిచి తోలు కింద గుడ్లు పెడతాది. లోపలంతా తెల్లపురుగులు లుకలుకలాడి, పండు కుళ్లి రాలిపోతాది. మీ పండు చూడండి. తోలు మీద మచ్చ లేదు. టెంక చీలిస్తేనే కదా ఈ నల్లది బయటపడింది?”

“మరి లోపలికెలా ఎల్లినాది?”

“కాయ గోలీకాయంత ఉన్నప్పుడే దూరతాది. ఆ కంత పూడిపోతాది. ఈగైతే తోటలు దాటి ఎగురుతాది. ఇది దూరం పోదు. ఏడాదంతా మీ చెట్ల బెరడులోనే దాక్కుంటాది.”

“మా సెట్లలోనా?”

“మీ చెట్లలోనే.”

“అన్న రాలిన పళ్లు ఏరడు బాబూ. ఈగలు ముసురుతన్నాయి, నాను సూసేను...”

“ఉంటాయి. దీనికీ వాటికీ సంబంధం లేదు.”

“సంతలో కొన్నోళ్లు అందరిముందూ పండు కోసి నా మొకాన్న కొట్టేరు!”

“విన్నాను. ఏమిటలా చెమటలు పట్టేస్తన్నాయి మీకు?”

“ఎండ.”

“నీడలో ఉన్నాం. ఆ కంచె పక్కన ఎండ్రిన్ పురుగుమందు డబ్బా ఎవరిది?”

“నాదే.”

“కోతకొచ్చిన పళ్లమీద కొట్టేరా?”

“నా పళ్లమీద కాదు.”

“మరి?”

“కంచె అవతల. ఈవేళ తెల్లారగట్ట. ఈగలు సావాలని... ఈగలే బాబూ, ఈగలే అనుకున్నాను.”

“మనుషులు చచ్చిపోతారయ్యా! అన్నకి చెప్పేరా?”

“నేదు. మాకు మాటల్నేవు. ఈవేళే ఆళ్ల కోత. ఆడి మనవలు...”

“లెండి! పరిగెత్తండి!”

“నా మాటైతే ఆళ్లు ఇనరు... ఒసే అసిరమ్మా! ఎక్కడున్నావే?”

“ఇక్కడే ఉన్నాను. అంతా ఇన్నాను.”

“అన్న ఇంటికి పరిగెత్తవే! పండు ముట్టుకోవద్దని సెప్పు!”

“పొద్దున్నే సెప్పీసేను. నువ్వు మందు కొడతంటే సూసేను. ఒక్క కాయ కొయ్యనేదు ఆళ్లు.”

“మరి... అన్న ఏటన్నాడు?”

“‘నువ్వు సెప్పినట్టు ఆడితో అనకమ్మా, ఆడే వొచ్చి సెప్తాడు’ అన్నాడు. పొద్దుట్నించీ అన్నం ముట్టకండా, అరుగు మీద కూకుని నీ దారే సూస్తన్నాడు.”