గాజు పలక వెనక ఆకాశం బాబాయి

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకున్న తల్లులూ ముందుకు రండి. ఇది గొంతు చించుకుని చెప్పే కథ కాదు.

వైమానిక దళం కంట్రోల్ రూములో ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన ఒక పెద్దమనిషిని అందరూ ఆకాశం బాబాయి అనేవాళ్లు. మనసు వెన్న, మాటలు మాత్రం కోటలు దాటేవి. ఆ రోజు టీ కొట్టు బల్ల మీద ఆయన పక్కన కొత్త వియ్యంకుడు కూర్చున్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి. మాట తక్కువ, చూపు చురుకు. పిల్లల పెళ్లై పది రోజులు కాలేదు. ‘దేవుడా, ఈయన కళ్లకి నేను కాస్త పెద్దగా కనబడాలి’ అని బాబాయికి లోపల ఒకటే ఆరాటం. ఎదురుగా తన బావమరిది, అదే రూములో టెలిఫోన్ల దగ్గర పనిచేసినవాడు, ఉన్నాడన్న జంకు కూడా లేకపోయింది.

“చిన్న సంగతే లెండి బావగారూ. ఓ మధ్యాహ్నం మబ్బు కమ్మేసింది. పైన పన్నెండు విమానాలు, కింద ఒకటే రన్‌వే, మా కమాండరుగారికి సమయానికి గొంతు పోయింది. ‘నువ్వే దించాలయ్యా’ అని సైగ చేసి మైకు నా చేతిలో పెట్టారు...”

“పన్నెండేనా? మొన్న నలభై అన్నావు,” అన్నాడు పక్క బల్ల మీద టీ తాగుతున్న దర్జీ.

“పన్నెండు మొదటి వరసరా, వినవేం! దాని వెనక నలభై, ఆ వెనక నూట ఇరవై. సరిగ్గా అప్పుడే రాడార్ కన్ను మూసింది. ఏం చెయ్యను? బల్లకి చెవి ఆనించాను. ఇది రెక్క వదులైన విమానం, ఇది పైలట్ ఆవలించిన చప్పుడు, అన్నీ తెలిసిపోతున్నాయి. ఇంధనం అయిపోయిందన్నారు. ‘ఇంజన్లు ఆపేయండి నాయనా, నేనిక్కడ గట్టిగా ఊపిరి పీలుస్తాను, ఆ ఊపుకే వచ్చేస్తారు’ అన్నాను. వచ్చేశారు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“మబ్బుని కసిరి ఉంటావు,” అన్నాడు టీ కొట్టాయన, గిన్నె దించుతూ.

“నీకెవరు చెప్పారు? మైకులోనే కసిరాను. ‘చిత్తం’ అని పది మైళ్లు జరిగి కూర్చుంది. మన మీదికొస్తున్న శత్రు విమానాలు కూడా నా గొంతు విని బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ‘అన్నా, మాకూ ఓ నంబరివ్వవా?’ అని వాళ్ల నాయకుడు ఒకటే బతిమాలడం. పాపం అనిపించి రెండు వందల ఆరు ఇచ్చాను!”

కొట్టంతా గొల్లుమంది. వియ్యంకుడు నవ్వలేదు. పనివాడి కుతూహలంతో, “ఆ మైకు ఎలా ఉండేది బావగారూ?” అన్నాడు.

బాబాయి నోరు తెరిచేలోగా బావమరిది అందుకున్నాడు.

“మైకెక్కడిది బావా నీకు! నువ్వు నిలబడింది విమానాలు ఎక్కడున్నాయో రాసి చూపించే గాజు పలక వెనక. ముందున్న ఆఫీసర్లకి తిన్నగా కనబడాలని విమానాల గుర్తులన్నీ తిరగేసి రాసేవాడివి. నీ చెవులకి తగిలించినదాంట్లో వినడమే గాని మాట్లాడే ఏర్పాటే లేదు. ముప్పయ్యేళ్లు నోరు కట్టేసిన ఉద్యోగం చేశావు, ఇప్పుడు మా చెవులకొచ్చింది కష్టం!”

బాబాయి మొహం చిన్నబోయింది. కొత్త చుట్టరికంలో పరువు గాలికి పోయిందని గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

అది చూసి బావమరిది మనసు కరిగింది. వియ్యంకుడి వైపు తిరిగాడు. “ఒక్కటి మాత్రం నా కళ్లతో చూశానండీ. ఆ మబ్బు రోజున పైనున్నవి నాలుగు. మూడు దిగాయి. నాలుగోదాన్నుంచి మాట ఆగిపోయింది. అరగంట చూసి, ‘ఆ గుర్తు తుడిచెయ్’ అన్నారు కమాండరు. గుర్తు తుడిస్తే దాని కోసం చూడ్డమూ ఆగిపోతుంది. ఈయన తుడవలేదు. మాట రాకపోయినా, పైలట్ రేడియో మీట నొక్కుతున్నట్టు ఈయన చెవిలో టక్కుటక్కుమంటోంది. పలక వెనకవాళ్లు మాట్లాడకూడదు. అందుకని ‘ఉన్నాడు’ అని ఇంతేసి అక్షరాలు తిరగేసి రాసి, ఆ గుర్తు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. కమాండరు ఎంత అరిచినా వేలు తియ్యలేదు. దాంతో రన్‌వే దీపాలు ఆర్పకుండా ఉంచారు. పావుగంటకి ఆ పైలట్ క్షేమంగా దిగాడు.”



“ఇది చెప్పరేం బావగారూ?” అన్నాడు వియ్యంకుడు.

“ఇందులో చెప్పుకోడానికేముంది? నిలబడ్డాను, అంతేగా,” అని గొణిగాడు బాబాయి.

వియ్యంకుడు ఆయన వైపు జరిగి కూర్చున్నాడు. “నాకు ఇదే కావాలి. మొదట్నుంచీ మీ నోటితో చెప్పండి.”

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. “అయితే వినండి. ఆ వేలు ఎంత వాచిందనుకున్నారు? గుమ్మడికాయంత!”

వియ్యంకుడు అప్పుడు నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేలా.

మబ్బుని కసరడం మర్చిపోయినా పర్లేదు నాయనా. అందరూ తుడిచెయ్యమన్నా ఒక ప్రాణం మీద నుంచి వేలు తియ్యని మనిషిని మాత్రం గుర్తుంచుకోండి. ఇవాళ ఇంటికెళ్లి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇంకొకరికి చెప్పండి.