పేరు తీయించడానికి వెళ్తే

హలో… ఆ, నేనే అన్నయ్యా… వినపడట్లేదా? ఆగు, ఇవతలికొస్తా. లోపల ఒకటే మోత… ఆ, ఇప్పుడు?

వెళ్లాను. ఇంకా ఇక్కడే ఉన్నా… ఐటీఐ వర్క్‌షాపు గుమ్మంలో.

పేరా? … తీయించలేదు.

అబ్బ, అరవకు! చెప్తున్నాగా… నవ్వట్లేదు… సరే, నవ్వుతున్నా. ఆగట్లేదు, ఏం చెయ్యను?

విను. నువ్వు చెప్పినట్టే వెళ్లా. మూతి బిగించుకుని మరీ. "మా అమ్మాయి వెల్డింగు మానేస్తుందండీ, వాళ్ల మావయ్య డిగ్రీలో సీటు చూశాడు" అన్నా… ఆ, అచ్చం అదే మాట… మాస్టారు కాదు, మేడం. నా ఈడే ఉంటుంది. "మాన్పిద్దురుగానీ, ముందోసారి చూడండి" అని నా తలకి ఇంత ముసుగు తగిలించేసింది—

నాకే! … తోలు గ్లౌజులు, మోకాళ్లదాకా కోటు. మన పిల్ల పక్కన నిలబడి ఒకటే ఇకిలింపు.

అబ్బే, ప్రమాదమేం లేదు. చేతిలో రాడ్డు పెట్టి అగ్గిపుల్ల గీసినట్టు గియ్యమంది. గీశా… అతుక్కుపోయింది. పీకితే రాదు! మళ్లీ గీశా… అన్నయ్యా, భగ్గుమంది! ముసుగు నల్లద్దంలోంచి చూస్తే చిన్న నిప్పుచుక్క… దాని వెనకాలే ఇనుము కరిగి, తేనెలా కదులుతూ…

లేదు, మతి పోలేదు… పోయిందేమోలే.

చల్లారాక పైనంతా నల్లటి పెచ్చు. మన పిల్ల సుత్తితో తట్టింది, ఊడి పడింది. కింద ఏముందనుకున్నావ్? … కుట్టు! తళతళలాడుతూ, నా మిషను కుట్టులాగే. కాస్త వంకర, ఒప్పుకుంటా. ఇన్నేళ్లూ గుడ్డలు కుట్టానే, ఇనుమూ కుట్టొచ్చని ఒక్కరైనా చెప్పారా నాకు?

మేడం ఏమందో తెలుసా? "మీ అమ్మాయికి ఈ చెయ్యి ఎక్కణ్ణుంచొచ్చిందో ఇప్పుడర్థమైంది" అంది.

… ఏడవట్లేదు. పొగ.

అన్నయ్యా, ఒకటడగనా? నీ స్నేహితులొచ్చి మీ చెల్లెలేం చేస్తుందంటే ఏమనేవాడివి? … "ఏం లేదు, ఇంట్లోనే" అనేవాడివి. పక్కగదిలో నా మిషను గడగడలాడుతూనే ఉండేది… కోపం కాదురా అన్నయ్యా. ఆ "ఏం లేదు" మన పిల్లకి మాత్రం వద్దు.

…

ఏమన్నావ్? ఇక్కడి మోతలో సరిగ్గా వినపడలేదు.

… ఏంటీ? … దాన్ని వెల్డింగులోనే ఉంచమంటావా? … నిజంగానా? … మళ్లీ అను! … ఆ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌కి నేను చెప్పుకుంటాలే. సీటు ఇంకో పిల్లకి అక్కరకొస్తుంది.

మరి పిల్లేం చదువుతోందని ఎవరన్నా అడిగితే "ఏవో కంప్యూటర్లు" అని నసగవుగా? వెల్డర్ అనాలి. ఏదీ, అను… ఇప్పుడే, నాతో…

గొణుగుతావేంటి? … ఊహూఁ, గట్టిగా!

… అమ్మయ్య! … ఎవరది అరిచింది, వదినా? … "ఎవరు వెల్డరు" అంటోందా? చెప్పు మరి! … నీళ్లు నమలకు… సరే, ఫోను తనకియ్యి—

వదినా! … ఆ, మన పిల్లే! … నిప్పులతోనే! … పక్కింటావిడ కూడా విందా? మరీ మంచిది, ఇంకోసారి చెప్పు! … నువ్వూ వస్తావా చూడ్డానికి? రా, అన్నయ్యనీ లాక్కురా…

వస్తున్నా మేడం! … ఉంటా వదినా, నాకు ఇంకో ఇనప ముక్క బిగించి పెట్టారు—