ఎర్రచుక్క కింద ఎవరు?

కరెంటు పోయిందంటే కదిరప్పకి నోరొస్తుంది. బెంగళూరు కె.ఆర్.పురంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. రైల్వే స్టేషన్ రోడ్డులో అతని బ్రౌజింగ్ సెంటరు ఉంది. అక్కడి పన్నెండు కంప్యూటర్లూ ఒక్కసారి ఆరిపోతే లోపలున్నవాళ్ళంతా బయటికొచ్చి పక్కనే కొండయ్య టీకొట్టు బెంచీల మీద కూలబడాల్సిందే, కదిరప్ప కోతలకి చెవులు అప్పగించాల్సిందే. రెండువేల అయిదు అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం అలాగే అయింది. మబ్బు ఎంతగా కమ్ముకుందంటే మూడింటికే కొండయ్య కొవ్వొత్తి వెలిగించాడు.

బెంచీ చివర సారమ్మ కూర్చుంది. ఒంగోలు నుంచి నర్సు పనికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది ఆమెకి. చేతిలో కవరు, కవర్లో తమ్ముడు జోయెల్ ఫోటో. జోయెల్ సరుకుల ఓడలో వంటపనికి పోయి రెండేళ్ళు. ఎనిమిది నెలలుగా కబురు లేదు, మద్రాసులో ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. ఇక ఆశ వదులుకోమని సంఘపెద్దలన్నారు, చివరికి అమ్మ కూడా తలూపింది. వచ్చే ఆదివారం జోయెల్ జ్ఞాపకార్థ కూడిక. ఫోటోతో ఆ పిలుపు కాగితం కదిరప్ప దగ్గర అచ్చు వేయించాలని వచ్చింది సారమ్మ. కరెంటు పోయేసరికి, ఈ రోజుకి ఇక అది రాకపోతే బావుండునని ఆమెకి అనిపించింది.

"మీ చర్చివాళ్ళ ప్రార్థన బోర్డు ఉండాది చూడు సిస్టరమ్మా, ఇంటర్నెట్లో? అది చేసిచ్చింది ఎవురనుకుంటివి? నేనే," అని మొదలుపెట్టాడు కదిరప్ప. "మొదట్లో అదేం బోర్డప్పా, సంత! ఒకరు తమ కష్టం రాస్తే కింద రెండొందల మంది జవాబులు. ఏది చదివినామో ఏది చదవలేదో దేవుడికి గూడా తెలిసేది గాదు. పాస్టరు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్న్యాడు. అప్పుడు నేనేం చేసినానో తెలుసా? చదవని జవాబుంటే ఆ వరస పక్కన ఒక ఎర్రచుక్క పెట్టినా. చదివితే చుక్క పోతాది. అంతే!"

"ఓస్, ఇంతేనా?" అన్నాడు శ్రీనివాసులు. అతను చిక్కపేటలో చీరల కొట్టు గుమాస్తా, వారానికోసారి ఈమెయిల్ చూసుకోను వస్తాడు.

"సుమ్నే నోరు మూసుకోని ఉండప్పా, ఇంకా మొదలే కాలేదు. ఆ చుక్క కోసరం పెద్ద కంపెనీవాళ్ళు రెండు కార్లేసుకొని వచ్చినారు. అమ్మేది లేదు పొమ్మన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చుక్క నాకు మాలిమి అయిపోయినాది, కంప్యూటర్ దాటి బయటికొచ్చినాది! పేపర్లో నేను చదవని వార్త పక్కన చుక్క. కరెంటు బిల్లు మీద చుక్క. మా ఆడది మాట్లాడతా ఉంటే నేను వినకపోతే ఆమె నుదుటి మీద చుక్క!"

"అది బొట్టప్పా," అన్నాడు శ్రీనివాసులు. కొండయ్య గ్లాసులు కడగడం ఆపి పడీపడీ నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి." కదిరప్ప ముందుకు వంగాడు. గొంతు తగ్గింది. "ఆ బోర్డులో ఒక పాత వరస ఉండాది. రాసింది ఎవురో ఒకామె, పేరు 'అక్క' అని పెట్టుకుండాది. ఓడెక్కి పోయిన మా తమ్ముడి కోసరం ప్రార్థన చేయండని రాసుండాది. ఇప్పుడు దాన్ని ముట్టేవాళ్ళు లేరు, ఎక్కడో అడుగున పడుండాది. ఒక పొద్దు చూస్తే దాని పక్కన ఎర్రచుక్క. ఏదో జవాబు వచ్చినాదని తెరిచినా. లోపల ఏమీ లేదు."

ఆ చుక్కని సారమ్మ కూడా చూసింది. తెరిచింది. ఖాళీ. ఒకసారి కాదు. జోయెల్ ఆత్మ పిలుస్తోందేమోనని లోలోపలే హడలిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు, అమ్మకి అసలే చెప్పలేదు.

"ఊఁ," అన్నాడు కొండయ్య. ఇప్పుడు నవ్వడం లేదు.

"కొన్నాళ్ళకి మల్ల చుక్క. తెరిస్తే ఖాళీ. నూరు తూర్లు అట్లే! వైరు పీకేసినా. తెర నల్లగైపోయినాది, చుక్క మాత్రం అట్లే ఉండాది. ఆ డబ్బాని గోనెపట్టాలో చుట్టి ఆనేకల్లో మా బామ్మర్ది ఇంట్లో పెట్టొస్తి. వాడు ఫోన్ చేసి, బావా, పట్టాలోంచి ఎర్రగా కనపడతాంది, ఇల్లంతా ఉప్పు వాసన అని ఏడ్చినాడు. సరే అని తెచ్చుకుంటి. తెల్లారి సెంటర్ తలుపు తీస్తే దాని ముందర కుర్చీ తడిసిపోయుండాది! కింద నీళ్ళు. నాలిక్కి పెట్టుకుంటే ఉప్పు! అప్పుడు స్పీకర్లోంచి ఓడ కూత..."

స్టేషన్లో గూడ్సు బండి పెద్దగా కూత వేసింది. శ్రీనివాసులు ఉలిక్కిపడి టీ ఒంటిమీద పోసుకున్నాడు. కొవ్వొత్తి రెపరెపలాడింది.

"ఆ జవాబు రాసేవాడు ఈ లోకంలో లేడప్పా," కదిరప్ప గుసగుసగా అన్నాడు. "సముద్రం అడుగునుంచి రాస్తా ఉండాడు. మునిగినోడి మాట మనకి కనపడదు. చుక్క ఒక్కటే పైకి తేలతాది."

వాన మొదలైంది.

"కదిరప్పన్నా," అంది సారమ్మ. "ఆ బోర్డులో ఈమధ్య ఎవరూ ఆమెన్ అనట్లేదేంటి? జనం నా కోసం ప్రార్థన మానేశారనుకున్నాను."

కదిరప్ప మొహం వెలిగిపోయింది. "అదీ నా పనే! చుక్క పెట్టినానా, యాడ చూసినా చుక్కలే. ఏందిరా అని చూస్తే అంతా ఆమెన్, ఆమెన్, ఆమెన్. మనం కథ చెప్తా ఉంటే ఊఁ కొడతారే, అట్లాంటిది. ఊఁ చదివేదానికి ఏముండాది? అందుకని మొన్న శివరాత్రి ముందు ఒక ఏర్పాటు చేసినా. ఆ పొద్దునుంచి ఉత్త ఆమెన్ రాస్తే ఎవురికీ కనపడదు. రాసినోడికి మాత్రం కనపడతాది, పాపం నొచ్చుకోకుండా. ఎట్లుండాది తెలివి?"

"ఆమెన్‌ని దాచావు. మరి దాని చుక్కని దాచావా?"

కదిరప్ప బుర్ర గోక్కున్నాడు.

"చుక్కని ముట్టలేదు. మిగతా వరసల్లో రోజూ ఏదో ఒక జవాబు వస్తానే ఉండాది," అన్నాడు మెల్లగా, "అందుకని ఈ చుక్క ఏందని ఎవురూ అడగలేదు..."

సారమ్మ లేచి నిలబడింది. "మా వార్డులో మంచం దగ్గర గంట నొక్కితే తలుపు మీద లైటు వెలుగుద్ది. మంచం మీద మనిషి లేకుండా ఆ లైటు వెలగదన్నా. ఆ అక్కని నేనే. మా జోయెల్‌కి రాయడం చేతకాదు. పోయేటప్పుడు చెప్పాడు, అక్కా, ఏ రేవులో దిగినా నీ ప్రార్థన కింద ఆమెన్ కొడతా, ఇంగ్లీషులో నాలుగక్షరాలేగా, అది కనపడితే నేను బతికున్నట్టు అని."

కొండయ్య స్టవ్ ఆపేశాడు. సారమ్మ కవర్లోంచి ఫోటో తీసి బెంచీ మీద పెట్టింది.

"ఈ ఫోటో అచ్చు వేస్తే మావాడు చచ్చిపోయినట్టే. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారి నిజం చెప్పు. ఆ చుక్క ఎన్నిసార్లు వచ్చింది?"

"నూరు..." అన్నాడు కదిరప్ప. ఫోటో వైపు చూశాడు. "కాదు... పది తూర్లు... లేదు సిస్టరమ్మా. నాలుగు."

"ఆనేకల్?"

"పోలేదు."

"కుర్చీ తడి?"

"అది నా తడి గొడుగు పెట్టిన కుర్చీ అక్కా," అన్నాడు శ్రీనివాసులు తల వంచుకుని.

"చుక్క?"

"చుక్క మాత్రం నిజం. నా బిడ్డల మీద ఒట్టు."

కాసేపటికి వాన వెలిసింది. నాలుగున్నరకి కరెంటు వచ్చింది. అందరూ లోపలికి నడిచారు. కంప్యూటర్ మెల్లగా మేలుకుంది, ఫోన్ లైను గరగరలాడింది. కదిరప్ప రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారికి తన ఏర్పాటు తీసేశాడు. అక్క రాసిన వరస పక్కన ఎర్రచుక్క ఉంది. సారమ్మ దాన్ని నొక్కింది.

పైన పాతవి. వాటి కింద కొత్తగా, ఒకదాని కింద ఒకటి, అన్నీ జోయెల్ పేరుతోనే. మార్చిలో ఆమెన్. మేలో ఆమెన్. జులైలో ఆమెన్. సెప్టెంబరులో ఆమెన్.

వాటికింద ఇంకొకటి. ఆమెన్. ఈరోజే, మధ్యాహ్నం రెండుంపావుకి.

నాలుగన్నాడు, అయిదున్నాయి. కదిరప్ప బతుకులో ఉన్నదానికంటే తక్కువ చెప్పింది ఆ ఒక్కసారే.

సారమ్మ ఫోటోని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. ఏడుస్తూ, నవ్వుతూ, మావాడికి చిన్నప్పుడు నీళ్ళంటే భయం తెలుసా అని మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయింది. వెనక నిలబడ్డ కదిరప్ప ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. ఆమె ఆగినప్పుడల్లా "ఊఁ" అన్నాడు.