ఆమె ప్రెస్సు

పుంగనూరులో ప్రెస్సు నడిపే పెద్దాయన, దళితుల పత్రిక తెచ్చే అమ్మాయి అచ్చుకిచ్చిన మొదటి పేజీ చూస్తూ అడిగాడు.

"ఈ ఫోటోలో ఉండేది ఎవురమ్మా?"

"అమెరికాలో నల్లజాతామె, భాయ్. నూరేండ్లకు ముందు నల్లోళ్లను గుంపులు కొట్టి సంపుతాంటే, ఆ సంగతులు తన పేపర్లో రాసింది."

"పక్కన ఈ పేర్లు?"

"మొన్న మా వాడలో పిల్లోన్ని కొట్టి సంపినోళ్లవి. అందులో ఒగడు ఇప్పుడు ఓట్లకు నిలబడినాడు."

ఆయన ఆ పేరు మళ్లీ చదివాడు.

"ఆమెను ఏం చేసినారు?"

"ప్రెస్సు పగలగొట్టినారు."

"ఎవురి ప్రెస్సు?"

"ఆమెదే."

"ఇది నాది కదమ్మా."

అమ్మాయి పేజీ వెనక్కి తీసుకోబోయింది. ఆయన వదల్లేదు.

"తర్వాత?"

"వేరే ఊరికి పోయి మళ్లా రాసింది."

ఆయన మిషను ఆన్ చేశాడు.

"అయితే తొందరగా కానీమ్మా. పొద్దున ఇద్దురొచ్చి, ఈ ప్రెస్సుకు ఇన్సూరెన్స్ ఉండాదా అని మర్యాదగా అడిగి పోయినారు."